ఫెర్రీ బిల్డింగ్ ముందు తెల్లవారుజాము: రెండు యుద్ధాల నడుమ శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో జనం ఎలా బతికారు?

కళాసి_మనవరాలు (ఓక్లాండ్)

అందరికీ నమస్కారం. రోజూ పొద్దున్నే ఓక్లాండ్ నుంచి ఫెర్రీలో శాన్‌ఫ్రాన్సిస్కో ఆఫీసుకి వెళ్తాను. దిగగానే ఎదురుగా 1898లో తెరిచిన ఫెర్రీ బిల్డింగ్, దాని మీద 245 అడుగుల గడియార స్తంభం. ఇన్నేళ్లుగా దాని కింద నుంచి కాఫీ కప్పు పట్టుకుని హడావుడిగా నడిచి వెళ్లిపోయేదాన్ని.

మొన్న మిషన్ స్ట్రీట్, స్టూవర్ట్ స్ట్రీట్ కలిసే చోట 1934లో చనిపోయిన ఇద్దరు కార్మికుల స్మారకం చూశాను. ఆఫీసుకి పావుగంట ఆలస్యమైనా అక్కడే నిలబడి మొత్తం చదివాను. మాది విశాఖ వన్ టౌన్. మా తాతయ్య పోర్టులో కళాసీ. మాంగనీసు ఖనిజం తట్టలు మోసి మోసి ఆయన కుడి భుజం మీద కాయ కాసింది. చిన్నప్పుడు ఆ కాయని వేలితో నొక్కి "నొప్పి లేదా తాతా?" అని అడిగేదాన్ని. అక్కడ నొక్కుతున్నట్టు కూడా తెలియదనేవారు.

1919కీ 1939కీ మధ్య ఈ రేవులో పనిచేసినవాళ్ల రోజు ఎలా గడిచేదో తెలుసుకోవాలని ఉంది. వంతెనల గురించి, పెద్ద పెద్ద భవనాల గురించి చాలా చదివాను. ఎన్నింటికి లేచేవారు, పని ఎలా దొరికేది, కూలి ఎంత, ఎక్కడ తినేవారు? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతపటాలు (హైదరాబాద్)

చాలా మంచి ప్రశ్న వేశావమ్మా. నువ్వు రోజూ దిగే చోటు నుంచే మొదలుపెడతాను.

రేవు వెంట వెళ్లే ఆ రోడ్డు పేరు ఎంబార్కడెరో. ఫెర్రీ బిల్డింగ్‌కి ఉత్తరాన ఉన్న పియర్లకి, అంటే ఓడలు ఆగే ధక్కాలకి, బేసి నంబర్లు, దక్షిణాన ఉన్నవాటికి సరి నంబర్లు. ఇప్పటికీ అంతే, రేపు వెళ్లేటప్పుడు చూడు. అప్పట్లో రేవు మొత్తం కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉండేది. ఆ రోడ్డు మీదే ప్రభుత్వ రైలు పట్టాలు ఉండేవి. గూడ్సు పెట్టెలు, లారీలు, గుర్రపు బండ్లు, మనుషులు అన్నీ ఒకే దారిలో.

పొద్దున ఆరింటికల్లా ఫెర్రీ బిల్డింగ్ ముందు వందలమంది కూలీలు గుమిగూడేవారు. పొగమంచు, చలి. ముఠా మేస్త్రీలు వచ్చి వాళ్ల ముఖాలు చూసి "నువ్వు, నువ్వు, నువ్వు" అని వేలు చూపించి ఏరుకునేవారు. ఆ పద్ధతిని 'షేప్ అప్' అనేవారు. వేలు తన వైపు తిరగనివాడు ఏ పియర్‌లో ఇంకో ఓడకి మనుషులు కావాలంటారో అని రేవు పొడుగునా కాళ్లరిగేలా తిరగాలి. అలా సాయంత్రం దాకా తిరిగి ఒక్క గంట పని కూడా లేకుండా ఇంటికి పోయిన రోజులు లెక్కలేనన్ని.

పని దొరికినా సుఖం లేదు. ఓడ రేవులో ఆగిన ప్రతి గంటా యజమానికి ఖర్చే. అందుకని 24 గంటలు, ఒక్కోసారి 36 గంటలు ఏకబిగిన చేయించేవారు. ఆ ఓడ వెళ్లిపోయాక మళ్లీ ఎన్ని రోజులు ఖాళీయో ఎవరూ చెప్పలేరు.

హమాలీ_కొడుకు (వరంగల్)

ఇది మన అడ్డానే కదా సార్! లేబర్ అడ్డా మీద పొద్దున్నే పార, తట్ట పట్టుకుని నిలబడటం, మేస్త్రీ బండి ఆగగానే అందరూ దాని చుట్టూ మూగటం. పేరు వేరు, అంతే.

నాదొక ప్రశ్న. మేస్త్రీ ఏరుకుంటున్నాడంటే అక్కడ మామూళ్లు కూడా ఉండే ఉంటాయి. ఉండేవా?

పాతపటాలు (హైదరాబాద్)

ఉండేవి తమ్ముడూ. చేయి తడపనిదే వేలు తిరిగేది కాదు. వచ్చిన కూలిలో కొంత మేస్త్రీకి వెనక్కివ్వడం, సీసా కొనిపెట్టడం మామూలే. 1920 నుంచి 1933 చివరిదాకా దేశమంతా మద్యనిషేధం. అప్పుడు సీసా అంటే దొంగచాటుగా, ఎక్కువ ధర పెట్టి కొన్నదే.

ఇంకొకటి కూడా ఉంది. 1919లో ఒక సమ్మె ఓడిపోయింది. దాని తర్వాత యజమానులే ఒక సంఘాన్ని నిలబెట్టారు. దాని సభ్యత్వ పుస్తకం అట్ట నీలం రంగు కాబట్టి అందరూ 'బ్లూ బుక్' అనేవారు. జేబులో అది లేకపోతే పని లేదు. చందా కట్టేది కూలీ, మాట చెల్లేది యజమానికి. దాదాపు 14 ఏళ్లు అలాగే నడిచింది. నా మటుకు నాకు ఆ రోజుల్లో అన్నిటికంటే బాధాకరమైనది ఈ నీలం పుస్తకమే. ఆకలి ఒక ఎత్తు, తన సంఘం అని చెప్పి తన మెడకే తాడు కట్టించడం ఇంకో ఎత్తు.

టీచరమ్మ_కాకినాడ

మగవాళ్ల సంగతే చెబుతున్నారు. ఆడవాళ్లు ఏం చేసేవారండీ? ఇంట్లో రెక్కాడితే గానీ డొక్కాడని పరిస్థితి అయినప్పుడు వాళ్లు ఊరికే కూర్చుని ఉండరు కదా.

బే_శ్రీను (డేలీ సిటీ)

టీచరుగారూ, మీరు అడిగినదానికి నాకు తెలిసినంత చెబుతాను.

ఉత్తరాన ఫిషర్‌మన్స్ వార్ఫ్ దగ్గర ఇప్పుడు దుకాణాలున్న పెద్ద ఎర్ర ఇటుకల భవనం ఒకటి ఉంది, 'ది క్యానరీ' అంటారు. 1937 దాకా అది నిజంగానే పళ్లు డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీ, డెల్ మాంటే వాళ్లది. పీచ్ పళ్ల కాలం వచ్చిందంటే పక్కనే ఉన్న నార్త్ బీచ్ పేట నుంచి ఇటాలియన్ ఆడవాళ్లు అక్కడికి పనికి వెళ్లేవారు. కాలం అయిపోతే పని కూడా అయిపోయేది. వాళ్ల మగవాళ్లు పడవల్లో పీతల వేటకి పోయేవారు. తెచ్చిన పీతల్ని రోడ్డు పక్కనే పెద్ద కాగుల్లో ఉడికించి అమ్మేవారు.

చైనాటౌన్‌లో ఆడవాళ్లు బట్టలు కుట్టేవారు. 1938లో అక్కడి కుట్టు పనివాళ్లు 15 వారాలు సమ్మె చేశారు. ఎక్కువమంది చైనా నుంచి వచ్చినవాళ్లో, వాళ్ల పిల్లలో. ఇంట్లో వంట, పిల్లలు, బయట చలిలో పికెటింగ్, మూడూ చేశారు.

రేవు వాసన గురించి కూడా చెప్పాలి. మధ్య అమెరికా దేశాల నుంచి పచ్చి కాఫీ గింజల బస్తాలు ఇక్కడే దిగేవి. హిల్స్ బ్రదర్స్ కాఫీ భవనం 1926 నుంచి ఎంబార్కడెరో మీదే ఉంది, ఫోల్జర్స్ భవనం రెండు వీధుల అవతల. గింజలు వేయించేటప్పుడు ఆ కమ్మటి వాసన రేవంతా కమ్ముకునేది. ఖాళీ కడుపుతో మేస్త్రీ కోసం నిలబడినవాడికి ఆ వాసన ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి.

టీచరమ్మ_కాకినాడ

ఆ చివరి మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను శ్రీనూ.

విక్రమ్_1729

అందరూ కష్టాలే రాస్తున్నారు. ఊరంతా కూలీలే కాదు కదా. ఆఫీసు ఉద్యోగులు, వ్యాపారులు, ట్రాములు, సినిమాలు, హవాయికి వెళ్లే ఓడలు, ఇవన్నీ కూడా రోజువారీ జీవితమే. సమ్మె రాజకీయాల వైపు వెళ్లకుండా అవి కూడా చెబితే బాగుంటుంది.

బే_శ్రీను (డేలీ సిటీ)

విక్రమ్ గారు చెప్పింది సగం ఒప్పుకుంటాను. ఆ సగం ఇదిగో.

వంతెనలు రాకముందు ఓక్లాండ్, బర్కిలీ, మరిన్ వైపు నుంచి వచ్చే ప్రతి మనిషీ నీళ్ల మీదుగా రావాల్సిందే. రోజుకి 50,000 మంది దాకా ఫెర్రీ బిల్డింగ్ గుండా ఊళ్లోకి వచ్చేవారు. పడవలోనే టిఫిన్, పేపర్, పేకాట, బూట్లకి పాలిష్. ఏళ్ల తరబడి అదే పడవ, అదే సీటు, అవే ముఖాలు. దిగాక రోడ్డు దాటడానికి రెండో అంతస్తు నుంచి కాలిబాట వంతెన ఉండేది. కింద ట్రాములు గుండ్రంగా తిరిగి మార్కెట్ స్ట్రీట్ ఎక్కేవి. ఆ వీధిలో పక్కపక్కనే నాలుగు ట్రాము పట్టాలు, రెండు వేర్వేరు కంపెనీలవి. టికెట్ అయిదు సెంట్లు. ఆ మోతలో పక్కవాడి మాట వినిపించేది కాదట.

హవాయి ఓడలు బయల్దేరే రోజైతే పండగే. మ్యాట్సన్ కంపెనీ 'మలోలో' 1927లో, 'లర్లీన్' 1933లో వచ్చాయి. పైన డెక్ మీద ప్రయాణికులు, కింద పియర్ మీద చుట్టాలు, నడుమ రంగు కాగితాల రిబ్బన్లు. ఓడ కదిలేకొద్దీ అవి ఒక్కొక్కటే తెగిపోయేవి.

ఒప్పుకోని సగం ఏంటంటే, అవే ఓడల అడుగున సరుకు సర్దినవాళ్లు పాతపటాలు గారు చెప్పిన మనుషులే. ఆరింటికి కూలీలు నిలబడ్డ చోటి మీదుగానే ఎనిమిదింటికి ఆఫీసు జనం నడిచేవారు. రెండు గంటలే తేడా. వేరు చేసి ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు.

కళాసి_మనవరాలు (ఓక్లాండ్)

విక్రమ్ గారూ, మీ ప్రశ్న వల్లే రిబ్బన్ల సంగతి తెలిసింది, థాంక్స్. కానీ సమ్మె లేకుండా ఈ కథ పూర్తి కాదని నాకూ అనిపిస్తోంది. పాతపటాలు గారూ, 1934 గురించి చెప్పండి. ఎవరు గెలిచారు అన్నదొక్కటే కాకుండా, ఆ రోజుల్లో ఇళ్లలో ఎలా ఉండేదో కూడా.

పాతపటాలు (హైదరాబాద్)

సరేనమ్మా. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

1929 తర్వాత మాంద్యం. ఓడలు తగ్గాయి, అడ్డా మీద మనుషులు పెరిగారు. ఎంబార్కడెరో దగ్గరే 'వైట్ ఏంజెల్' అని అందరూ పిలుచుకున్న ఒక ఆవిడ నిరుద్యోగులకి అన్నం పెట్టే శిబిరం నడిపింది. 1933లో డొరతియా లాంగ్ తీసిన ప్రసిద్ధమైన ఫొటో అక్కడిదే. క్యూ అంతా అటు తిరిగి ఉంటుంది. ఒక్క ముసలాయన మాత్రం ఇటు తిరిగి, కమ్మీ మీద చేతులు ఆనించి, ఆ రెండు చేతుల మధ్య రేకు డబ్బా పెట్టుకుని ఉంటాడు. నలిగిన టోపీ కళ్ల మీదికి దిగి ఉంటుంది. ఆ చేతులు చూడు, పని చేసిన చేతులు, ఇప్పుడు ఏ పనీ లేని చేతులు.

1933 వేసవిలో కొత్త చట్టం వచ్చి కార్మికులు తమకి నచ్చిన సంఘంలో చేరే హక్కు ఇచ్చింది. నీలం పుస్తకాలు పక్కన పడేసి జనం పాత సంఘంలోకి వెల్లువలా వచ్చారు. వాళ్లలో ఒకడు హ్యారీ బ్రిడ్జెస్. ఆస్ట్రేలియాలో పుట్టి, నావికుడిగా తిరిగి, 1920లో ఇక్కడ దిగి కళాసీ అయినవాడు. వాళ్ల కోరికల్లో కూలి పెంపు ఉంది, గంటకి 85 సెంట్లున్నది డాలరు చేయమన్నారు. రోజుకి ఆరు గంటల పని ఉంది. అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టింది మాత్రం ఒక్కదాని మీద: వేలు చూపించి ఏరుకోవడం ఆగిపోవాలి, పని పంచే హాలు సంఘం చేతిలో ఉండాలి.

1934 మే 9న పడమటి తీరమంతా పని ఆగింది. జులై 3న పియర్ 38 తలుపులు తెరిచి పోలీసు కాపలాతో లారీలు బయటికి పంపారు. 5వ తేదీ, గురువారం, రేవంతా బాష్పవాయువు. స్టూవర్ట్, మిషన్ వీధుల మూల దగ్గర పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఒకరు హోవర్డ్ స్పెర్రీ, కళాసీ. ఇంకొకరు నిక్ బోర్డోయిస్, గ్రీసు నుంచి వచ్చిన వంటవాడు. సమ్మె చేస్తున్నవాళ్ల కోసం పెట్టిన వంటశాలలో వండిపెట్టేవాడు. నువ్వు చదివిన పేర్లు అవేనమ్మా. ఆ రాత్రికే సైన్యం రేవులో దిగింది.

9వ తేదీన మార్కెట్ స్ట్రీట్‌లో అంతిమయాత్ర. వేలమంది టోపీలు తీసి చేత్తో పట్టుకుని నడిచారు. నినాదాలు లేవు. బ్యాండు బీథోవెన్ విషాద సంగీతం వాయించింది. ఆ రోజు వీధిలో పోలీసులు లేరు, కార్మికులే ట్రాఫిక్ చూసుకున్నారు. అప్పటిదాకా సమ్మెని తిట్టిన దుకాణదారులు కూడా గుమ్మాల్లో నిలబడిపోయారు.

జులై 16 నుంచి 19 దాకా ఊరంతా బంద్. ట్రాములు లేవు, చాలా దుకాణాలు మూసేశారు. పాలకీ రొట్టెకీ అడ్డు చెప్పలేదు, సమ్మె కమిటీ అనుమతితో కొన్ని హోటళ్లు తెరిచారు. నాలుగు పట్టాల మోత ఆగితే ఆ వీధి ఎలా ఉండి ఉంటుందో నేను చాలాసార్లు ఊహించుకున్నాను.

మొత్తం 83 రోజులు. అక్టోబరులో మధ్యవర్తుల బోర్డు తీర్పు వచ్చింది. గంటకి 95 సెంట్లు, రోజుకి ఆరు గంటలు, ఆ పైన చేస్తే గంటకి డాలరు 40 సెంట్లు. హాలు ఇద్దరి ఉమ్మడి నిర్వహణలో ఉంటుంది, కానీ పని పంచే మనిషిని సంఘమే ఎన్నుకుంటుంది.

హమాలీ_కొడుకు (వరంగల్)

సార్, ఆ హాల్లో పని ఎలా పంచేవారు? అదే అసలు విషయం. మేస్త్రీ పోయి సంఘం మనిషి వచ్చి, ఆయన కూడా తనవాళ్లనే పిలిస్తే ఏం లాభం?

పాతపటాలు (హైదరాబాద్)

సరైన చోట పట్టుకున్నావు తమ్ముడూ. వాళ్లకి కూడా అదే భయం. అందుకని ఒక లెక్క పెట్టుకున్నారు. ఎవరికి ఇప్పటిదాకా అందరికంటే తక్కువ గంటలు పడ్డాయో వాళ్ల పేరే ముందు పిలవాలి. ఎక్కువ గంటలు చేసినవాడు వెనక్కి. గంటల లెక్క అందరూ చూసేలా ఉండేది. బలవంతుడా బలహీనుడా, మేస్త్రీకి చుట్టమా కాదా అన్న ప్రశ్న లేదు. వంతు వస్తే పని, అంతే.

నల్లజాతివాళ్ల గురించి కూడా ఒక మాట. 1934కి ముందు వాళ్లని ఒకటి రెండు పియర్లలో తప్ప రానిచ్చేవారు కాదు. యజమానులు సమ్మెలు విరగ్గొట్టడానికి మాత్రం పిలిచేవారు. బ్రిడ్జెస్ వాళ్ల దగ్గరికి వెళ్లి, మాతో కలిసి నిలబడండి, సంఘంలో చోటు ఉంటుంది అని మాటిచ్చాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ మాట నిలబడింది. తీరం వెంట అన్ని ఊళ్లలోనూ నిలబడలేదు, అది కూడా చెప్పాలి.

హమాలీ_కొడుకు (వరంగల్)

మా నాన్న ధాన్యం మార్కెట్లో బస్తాలు మోసేవాడు. ముఠాలో 22 మంది. సాయంత్రం వచ్చిన కూలి అంతా ఒక తుండు మీద పోసి సమానంగా పంచుకునేవారు. ఒంట్లో బాగాలేక రానివాడికి కూడా సగం వాటా తీసి పక్కన పెట్టేవారు. నేను చిన్నప్పుడు ఆ తుండు అంచు పట్టుకుని కూర్చునేవాణ్ణి, చిల్లర కింద పడకుండా. మీరు చెప్పిన లెక్క చదువుతుంటే అదే కళ్ల ముందు కదిలింది.

టీచరమ్మ_కాకినాడ

ఆ రోజుల్లో మనవాళ్లెవరైనా అక్కడ ఉండేవారా?

బే_శ్రీను (డేలీ సిటీ)

తెలుగువాళ్లంటే దరిశి చెంచయ్య గారి పేరు చెప్పాలి. కనిగిరి వైపు నుంచి వచ్చి బర్కిలీలో చదువుతూ గదర్ పార్టీలో, అంటే బ్రిటిష్ పాలనని కూలదోయాలని ఇక్కడి భారతీయులు పెట్టుకున్న పార్టీలో, చేరారు. అది మొదటి యుద్ధానికి ముందు మాట. మీరడిగిన కాలానికి ఆయన ఇక్కడ లేరు. కానీ గదర్ పార్టీ ఆఫీసు రెండు యుద్ధాల మధ్య కూడా ఇక్కడే, 5 వుడ్ స్ట్రీట్‌లో ఉండేది. ఇప్పుడక్కడ స్మారకం ఉంది.

మనవాళ్లు ఎక్కువమంది లేకపోవడానికి కారణం చట్టాలే. 1917 చట్టం భారతదేశం నుంచి వలసని దాదాపు పూర్తిగా ఆపేసింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులకి పౌరసత్వం రాదని తేల్చింది. ఇచ్చిన పౌరసత్వాలు కూడా కొన్ని వెనక్కి తీసుకున్నారు.

రేవుకి ఎదురుగా నీళ్లలో కనిపించే ఏంజెల్ ఐలాండ్‌లో 1910 నుంచి 1940 దాకా వలసవాళ్లని ఆపి ప్రశ్నించే కేంద్రం ఉండేది. ఎక్కువగా చైనావాళ్లు. మీ ఊళ్లో మీ ఇంటికి ఎన్ని మెట్లు, బియ్యం డబ్బా ఏ మూల ఉండేది అని అడిగేవారు. అప్పటికే అమెరికాలో ఉన్న తండ్రి చెప్పిన జవాబూ కొత్తగా వచ్చిన కొడుకు చెప్పిన జవాబూ కలవకపోతే తిప్పి పంపేయడమే. వారాలు, నెలలు అక్కడే. వాళ్లు చెక్క గోడల మీద చెక్కిన కవితలు ఇప్పటికీ ఉన్నాయి. నేను రెండుసార్లు వెళ్లాను. అక్షరాల మీద రంగు పూసినా లోపలి గాట్లు కనిపిస్తాయి.

విక్రమ్_1729

సమ్మె రాజకీయాలొద్దు అని నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక చిన్న ప్రశ్న. వంతెనలు వచ్చాక ఆ ఫెర్రీ జనం ఏమయ్యారు?

బే_శ్రీను (డేలీ సిటీ)

బే బ్రిడ్జి 1936 నవంబరు 12న తెరిచారు, గోల్డెన్ గేట్ 1937 మే 27న. మొదటి రోజు గోల్డెన్ గేట్ మీద నడిచేవాళ్లకే అనుమతి, దాదాపు రెండు లక్షలమంది నడిచారంటారు. 1939 జనవరి నుంచి బే బ్రిడ్జి మీద రైళ్లు కూడా నడిచాయి. ఫెర్రీలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చివరికి గడియారం కింద ఆ జనమే లేకుండా పోయారు.

గోల్డెన్ గేట్ కట్టేటప్పుడు పని కింద వల కట్టారు, దాని వల్ల 19 మంది బతికారు. 1937 ఫిబ్రవరి 17న మాత్రం ఒక మంచె విరిగిపడి ఆ వలనే చీల్చుకుని పోయింది. పదిమంది చనిపోయారు.

కళాసి_మనవరాలు (ఓక్లాండ్)

శనివారం మళ్లీ వెళ్లాను. ఫెర్రీ బిల్డింగ్ నుంచి ఉత్తరంగా నడుస్తూ 1, 3, 5, 7, 9 అని పియర్లు లెక్కపెట్టుకుంటూ వెళ్లాను. తర్వాత వెనక్కి తిరిగి పియర్ 38 దాకా నడిచాను. ఎక్కడా బస్తా కనిపించదు, కూలీ కనిపించడు. స్టూవర్ట్ మూల దగ్గర రెండు బంతిపూలు పెట్టి వచ్చాను.

అక్కడి కళాసీలకి కూడా చేతిలో ఇనుప కొక్కెం, దానికి అడ్డంగా చెక్క పిడి ఉండేదని ఒక పాత ఫొటోలో చూశాను. వెంటనే నాన్నకి ఫోన్ చేశాను. తాతయ్య కొక్కెం మా అటక మీదే ఉందట. దించి, తుడిచి, ఫొటో పంపారు. పిడి నున్నగా అరిగిపోయి మధ్యలో వేళ్లు పట్టే చోట గుంటలు పడ్డాయి. నాన్న తన వేళ్లు అందులో పెట్టి చూశారట. తాతయ్య చెయ్యి ఇంకా పెద్దది అన్నారు.

హమాలీ_కొడుకు (వరంగల్)

అక్కా, ఆ పిడి ఏ చెక్కో కనుక్కుంటావా? మా నాన్నది తుమ్మ.